మా కుక్క బెల్లం హీట్‌కి (ఎదకు) వచ్చింది, గేటు ముందు నాలుగు కుక్కలు... ఆపరేషన్ దాకా ఎట్లా?

కుట్టుమిషన్ (హన్మకొండ), అక్టోబర్ 8

అందరికీ నమస్తే. మాది భీమారం. ఇంటి ముందు గదిలోనే మిషన్ వేసుకొని బ్లౌజులు కుడతాను, మగ్గం పని చేస్తాను. మా కుక్క పేరు బెల్లం. జాతి కుక్కేం కాదు, ఊరకుక్కే. ఉగాది పొద్దున మోరీ పక్కన దొరికిందని మా బాబు చొక్కాలో చుట్టుకొని తెచ్చాడు. దించీ దించగానే పచ్చడి కోసం తురిమిన బెల్లంలో మూతి పెట్టింది. రంగు కూడా అదే. ఇంకో పేరు వెతికే పని లేకుండా పోయింది. అప్పుడు నెలన్నర పిల్ల అని డాక్టర్ చెప్పారు, అంటే ఇప్పుడు ఎనిమిది నెలలు.

ఈ నెల 4న కస్టమర్ లైనింగ్ గుడ్డ నేల మీద పరిచి కత్తిరిస్తుంటే దాని మీద ఎర్ర చుక్కలు కనబడ్డాయి. బెల్లం ఎప్పుడూ మిషన్ కిందే పడుకుంటుంది. సూదో గుండుపిన్నో గుచ్చుకుందనుకొని నాలుగు కాళ్లూ తిప్పి తిప్పి చూశాను. ఏమీ లేదు. మా అత్తమ్మ అద్దాలు పెట్టుకొని, తోక ఎత్తి చూసి, "దెబ్బ గాదు బిడ్డా, ఎదకచ్చింది" అన్నది. పరకాల దగ్గర పల్లెలో నలభై ఏళ్లు ఆవుల్ని, బర్రెల్ని చూసిన మనిషి. ఆమెకు నిమిషం కూడా పట్టలేదు. ఆ తర్వాత ఒక్కొక్కటే నాకూ గుర్తొచ్చింది. వారం ముందు నుంచే వెనక నాక్కుంటూ ఉంది. గేటు దగ్గర రెండు చుక్కలు, తులసి గద్దె దగ్గర రెండు చుక్కలు మూత్రం పోస్తోంది. అన్నం సగం వదిలేస్తోంది. నేను ఎటు పోతే అటు కాళ్లకు అడ్డం పడుతోంది. దసరా బ్లౌజుల హడావుడిలో ఇవేవీ పట్టించుకోలేదు.

అత్తమ్మ రెండు మాటలు అంటోంది. ఒకటి, ముట్టయిన కుక్క ఇంట్లో తిరగొద్దు, బయట జామచెట్టుకు కట్టెయ్యమని. రెండు, రక్తం కనబడ్డదంటే ఎద అయిపోయినట్టే, ఆవుకు అట్లనే అయితది, ఇంకో మూడు రోజులు చూసి వదిలెయ్యమని. మొదటిదానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. రెండోదానికి ఒప్పుకోవాలో లేదో తెలియడం లేదు. ఎందుకంటే గేటు ముందు పరిస్థితి వేరే ఉంది. పొద్దటి నుంచి నాలుగు మగ కుక్కలు కూర్చున్నాయి. వాటిలో చెవి చిరిగిన ఎర్ర కుక్క ఒకటి నిన్న రాత్రి కూడా కదల్లేదు. పాలు పోసే అబ్బాయి గోడ మీద నుంచి ప్యాకెట్లు విసిరి పోతున్నాడు. పంచాంగం ప్రకారం ఎల్లుండో ఆ మర్నాడో చిత్త కార్తె మొదలట. చిత్తకార్తె కుక్కలు అనే తిట్టు చిన్నప్పటి నుంచి వింటున్నదే, కానీ అవి నా గేటు ముందుకే వచ్చి కూర్చుంటాయని అనుకోలేదు.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఆరు నెలలు దాటాక చేయిద్దామని డాక్టర్ ముందే అన్నారు. బతుకమ్మ, దసరా అయ్యాక చూద్దామని నేనే వాయిదా వేశాను. తప్పు నాదే. ఇప్పుడు చేయించవచ్చా? మందుల షాపులో ఒకాయన, హీట్ ఆగిపోయే ఇంజెక్షన్ ఉంది, వేయిస్తే అయిపోతుంది అన్నాడు. నిజమేనా?

పాత లంగా గుడ్డతో ఒక చడ్డీ కుట్టాను. తోకకు రంధ్రం, నడుముకు నాడా, లోపల చిన్న పిల్లల ప్యాడ్. రెండు గంటలు బుద్ధిగా ఉండి, మూడో గంటలో ప్యాడ్ పీకి సగం నమిలేసింది.


కాజీపేట లోకో, అక్టోబర్ 8

అక్కా, ఈ ఒక్క విషయంలో అత్తమ్మ మాట వినకండి. దెబ్బ తిని చెబుతున్నాను.

మాది లాబ్రడార్. పోయిన ఏడు రెండోసారి హీట్‌కి వచ్చింది. పన్నెండో రోజుకు రక్తం ఆగిపోయింది. హమ్మయ్య అనుకొని, డ్యూటీ దిగొచ్చిన సంతోషంలో రైల్వే గ్రౌండ్‌లో బెల్టు తీసి వదిలాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక నల్ల కుక్క, నేను సెల్ జేబులో పెట్టుకునే లోపు అయిపోయింది. రెండూ అతుక్కున్నాయి. నేను బకెట్ నీళ్లు పోశాను, లాగబోయాను. అట్లా లాగితే రెండింటికీ లోపల గాయమవుతుందని తర్వాత తెలిసింది. ఇరవై నిమిషాలు పట్టింది విడిపోవడానికి. ఇంటికి తెచ్చాక మర్నాడు డాబా మీదకు ఇంకోటి వచ్చింది, అది మాకు తెలియనే తెలియదు. రెండు నెలలకు ఏడు పిల్లలు. మూడు నల్లవి, రెండు మచ్చలవి, రెండు మా దాని రంగువి. ఒకే కాన్పులో ఇద్దరు ముగ్గురు తండ్రుల పిల్లలు ఉండొచ్చని ఆ రోజే విన్నాను. ఏడింటికీ ఇళ్లు చూసేసరికి నాలుగు నెలలు, మా ఆవిడతో మాటల్లేని రోజులు ఒక పది.

డైపర్ మీ నేల శుభ్రం కోసమే, మగ కుక్కను ఆపడానికి కాదు. అది గుడ్డను ఒక్క నిమిషంలో పక్కకు నెడుతుంది. ఇంకో సంగతి, మీరు 4 నుంచి లెక్క పెడితే దీపావళి పదిహేడో రోజున పడుతుంది. బాంబుల చప్పుడుకు బెదిరి గేటు దూకితే ఇగ అంతే. ఆ రెండు రాత్రులు లోపలి గదిలో కూర్చోబెట్టి, కూలర్ ఫ్యాన్ పెట్టేయండి, బయటి మోత వినబడకుండా.

మేమిప్పుడు హీట్ అంతా డాబా మీదనే ఒకటికి, రెండుకు తీసుకుపోతున్నాం. కిందికి దింపితే బెల్టు తప్పనిసరి, అది కూడా తెల్లవారుజామున నాలుగున్నరకు.


పశువుల డాక్టర్ (ములుగు వైపు), అక్టోబర్ 9

అమ్మా, నాకు రోజూ వచ్చేవి బర్రెలు, మేకలు. కుక్కలు వారానికి రెండో మూడో వస్తాయి. అయినా మీ అత్తమ్మ మాట చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆవుకు. ఆవు ఎద ఒక రోజు కూడా నిండా ఉండదు. వెనక జిగురు తీగలు వేస్తుంది, అరుస్తుంది, చూలు కోసం సూది వేయిస్తాం, అయిపోతుంది. ఆ తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల్లో కొన్ని ఆవులకు, ముఖ్యంగా పడ్డలకు, కాస్త రక్తం కనబడుతుంది. కాబట్టి రైతుకు రక్తం అంటే సమయం దాటిపోయిందని గుర్తు. కుక్కకు ఇది తలకిందులు. రక్తం ముందు వస్తుంది, అసలు సమయం తర్వాత.

మొదటి దశలో మానం (తోక కింది ఆడ భాగం) ఉబ్బి, రక్తం చుక్కలు పడతాయి. మగ కుక్కలు వాసన పట్టి చేరతాయి కానీ ఆడది దగ్గరకు రానివ్వదు. పళ్లు చూపిస్తుంది, కింద కూర్చుండిపోతుంది. సగటున తొమ్మిది రోజులు. కొన్నింటికి మూడే, కొన్నింటికి పదిహేడు దాకా. తర్వాత రక్తం పలచబడి గడ్డి నానిన నీళ్ల రంగుకు వస్తుంది, ఉబ్బు మెత్తబడుతుంది. అప్పుడు నడుము దగ్గర, తోక మొదట్లో చేత్తో కొద్దిగా నొక్కండి. తోక ఒక పక్కకు తిప్పి కదలకుండా నిలబడితే అది ఒప్పుకునే దశ. అదీ సగటున తొమ్మిది రోజులే, మూడు నుంచి ఇరవై ఒకటి దాకా ఉండొచ్చు. లోకో గారి పన్నెండో రోజు సరిగ్గా అందులో పడింది. రక్తం ఆగిందని మీకు నిమ్మళం అనిపించిన రోజే అసలు కాపలా మొదలు పెట్టాలి. కొన్నింటికి చివరి దాకా ఎరుపు పోదు, రంగు ఒక్కటే నమ్మకండి. మగ కుక్క విత్తనం లోపల వారం దాకా బతికి ఉంటుంది, అందుకని ముందు రోజుల్లో తప్పు జరిగినా ప్రమాదమే. నేనైతే మొదటి చుక్క నుంచి నాలుగు వారాలు తాళం అంటాను.

ముట్టు సంగతి. ఆడవాళ్లకు గర్భం నిలవకపోతే లోపలి పొర ఊడి వచ్చేది ముట్టు. కుక్కకు వచ్చేది అది కాదు, చూలు కట్టడానికి ముందు గర్భసంచి తయారవుతుంటే వచ్చే రక్తం. పేరే తప్పు. వీటికి ముట్లుడగడం కూడా ఉండదు, ముసలి కుక్క కూడా హీట్‌కి వస్తుంది. అత్తమ్మకు ఇట్లా చెప్పి చూడండి, పెద్దవాళ్లు పశువుల లెక్కన చెబితే వింటారు. జామచెట్టుకు కట్టడం అంటే గేటు బయట ఉన్నవాటికి వడ్డించిన విస్తరి.

ఆపరేషన్ ఇప్పుడు వద్దు. హీట్‌లో ఆ భాగానికి రక్తం ఎక్కువగా పారుతుంది, నరాలు ఉబ్బి ఉంటాయి, పొరలు సున్నితంగా ఉంటాయి. చెయ్యలేరని కాదు, చేస్తారు, కానీ అవసరం లేని రక్తస్రావం మనకెందుకు? హీట్ ముగిశాక రెండు మూడు నెలలు ఆగితే అన్నీ సర్దుకుంటాయి. మీ లెక్కకు సంక్రాంతి తర్వాత. ఈలోగా, రెండు నెలల ప్రాంతంలో, చూలు కట్టకున్నా పాలు చేపడం, చెప్పుల్ని పిల్లల్లా పొదువుకోవడం చేయవచ్చు. దొంగ చూలు అంటాం. అది ఉన్నప్పుడు కూడా కోయరు, తగ్గనిస్తారు. ఆ పాలను పిండకండి, పిండే కొద్దీ చేపుతాయి.

హీట్ ఆపే ఇంజెక్షన్ మాట మరిచిపొండి. అది ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ జాతి మందు. చౌక, సులువు, అందుకే ఊరూరా వేస్తున్నారు. దాంతో గర్భసంచిలో చీము పట్టే జబ్బు, రొమ్ము గడ్డలు పెరుగుతాయి. చీము పట్టిన సంచి కోసి తీయడానికి తెచ్చిన కుక్కల్లో, పోయిన హీట్‌కి ఇంజెక్షన్ వేయించాం సార్ అని చెప్పినవాళ్లు నాకు తెలుసు.

ఆ జబ్బు గుర్తులు ఇప్పుడే రాసి పెట్టుకోండి. హీట్ అయిన రెండు మూడు వారాల నుంచి రెండు నెలల లోపు నీళ్లు బాగా తాగుతుంటే, మూత్రం ఎక్కువైతే, వాంతులు, తిండి మానేయడం, వెనక నుంచి కంపు కొట్టే చీము. కొన్నిసార్లు చీము బయటికి రాదు, పొట్ట ఉబ్బుతుంది, అది ఇంకా ప్రమాదం. పెద్ద వయసు వాటికి ఎక్కువ వస్తుంది, చిన్నవాటికి రాదని కాదు. రేపు చూద్దాం అనే జబ్బు కాదిది.

ప్యాడ్ నమలనివ్వకండి, మింగితే పేగులో అడ్డం పడుతుంది. మూడు మడతల నూలు గుడ్డ చాలు.


లేబర్ కాలనీ, అక్టోబర్ 9

ఎందుకంత పరేషాన్. ఒక్క కాన్పన్నా కానివ్వాలి. తల్లి కాకుండా ఆపరేషన్ చేస్తే ఆ పాపం ఊరికే పోదు, ఆరోగ్యం కూడా పాడైతది.


పశువుల డాక్టర్ (ములుగు వైపు), అక్టోబర్ 9

అన్నా, ఒక కాన్పు అయితే ఆరోగ్యం బాగుంటుందనడానికి ఆధారం లేదు. మొదటి హీట్ కన్నా ముందు ఆపరేషన్ అయిన వాటికి రొమ్ము గడ్డలు చాలా తక్కువని 1969లోనే అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. హీట్లు పెరిగే కొద్దీ ఆ లాభం తగ్గుతుందని అందులో ఉంది. ఆ అంకెల మీద తర్వాత ప్రశ్నలు వచ్చాయి, అది వేరే సంగతి. కాన్పు వల్ల కాపాడబడుతుందని మాత్రం ఎవరూ చూపించలేదు. బెల్లానికి మొదటిది దాటిపోయింది, రెండోది రావడానికి ఇంకో ఆరేడు నెలలు. దానికంటే ముందే అయితే మంచిదే కదా.


బాలసముద్రం, అక్టోబర్ 10

చెల్లె, నేను మా గల్లీలో కుక్కలకు అన్నం పెడతాను, ఇరవై రెండు ఉన్నాయి ఇప్పటికి. నీ గేటు ముందు ఉన్న ఎర్ర కుక్క చెవి చిరిగిందన్నావు. చిరిగిందా, కోశారా? ఒకసారి చూడు. కొన అంచులో చిన్న ముక్క నీట్‌గా తీసినట్టుంటే అది మున్సిపాలిటీ లెక్కలో ఆపరేషన్ అయిన కుక్క. 2023లో వచ్చిన ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) రూల్స్ ప్రకారం వీధి కుక్కను పట్టుకొని, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. గుర్తుకు చెవి కొన తీస్తారు. ఆపరేషన్ అయినా మగ కుక్కకు వాసన తెలుస్తుంది, వచ్చి కూర్చుంటుంది. కొత్తగా అయినదైతే కొన్ని వారాలు విత్తనం కూడా మిగిలి ఉంటుంది.

రాళ్లు వేయకు, వేడినీళ్లు పోయకు. పోవు, పైగా కరుస్తాయి. బెల్లం మూత్రం పోసిన చోటల్లా నీళ్లతో కడుగు. ఆ వాసనే పిలుపు. మా పక్కింటామె కర్పూరం, విక్స్ తోకకు రాసింది, వాసన తెలియకుండా ఉంటుందని. నాకి నురగలు కక్కింది పాపం. కర్పూరం కుక్కలకు విషం. అట్లాంటివి చెయ్యకు.

వీధి కుక్కతో కలిస్తే పిల్లలే కాదు, ఒక రకం కండ కూడా అంటుకుంటుంది. కాలీఫ్లవర్ పువ్వులా పెరుగుతుంది, రక్తం కారుతుంది. నేను రెండింటికి వారం వారం సూది వేయించి నయం చేయించాను, అందుకే చెబుతున్నా.


కుట్టుమిషన్ (హన్మకొండ), అక్టోబర్ 14

అందరికీ దండాలు. పదకొండో రోజు.

డాక్టర్ గారు రాసింది అత్తమ్మకు చదివి వినిపించాను. ముట్టు కాదన్న మాటకు ఏమీ అనలేదు. ఆవుకు నిజం అన్న మాట మాత్రం రెండోసారి చదివించుకుంది. ఆ తర్వాత వంటింటి వెనక గోడ మీద బొగ్గుతో గీతలు గీయడం మొదలుపెట్టింది, పాత రోజుల్లో బర్రెకు ఇరవై ఒక్క రోజులు లెక్క పెట్టినట్టు. ఇవాళ పదకొండు గీతలు. దేవుడి గదిలోకి, వంటింట్లోకి రావొద్దు, కుట్టు గదిలో ఉండొచ్చు అని ఒప్పందం కుదిరింది. గడపకు పసుపు నీళ్లు చల్లుకుంటోంది, చల్లుకోనీ.

నిన్నటి నుంచి రక్తం పలచబడింది. సరిగ్గా గడ్డి నీళ్ల రంగే. ఇవాళ తోక దగ్గర నొక్కి చూశాను. ఎడమ పక్కకు తిప్పి బొమ్మలా నిలబడ్డది. మొన్నటి దాకా గేటు సందులోంచి మూతి పెట్టిన వాటి మీదకు ఉరికి అరిచిన పిల్ల, ఇవాళ అదే సందు దగ్గర మూలుగుతోంది. చూస్తే జాలి వేసింది, భయం వేసింది. గేటు కింద జానెడు ఖాళీ ఉంటే ఇటుకలు పేర్చాం. డాబా మెట్లకు ఇనుప జాలీ కట్టించాం.

ఎర్ర కుక్క చెవి చూశాను అక్కా. చిరిగింది కాదు, కోసిందే. వెనక కూడా చూశాను, ఏమీ లేవు. పాపం ఏ ఆశతో కూర్చుందో. మిగతా మూడూ మాత్రం నిండు మగవే.


కుట్టుమిషన్ (హన్మకొండ), అక్టోబర్ 16, రాత్రి

అయ్యింది. ఏమయ్యిందో తెలియదు కానీ అయ్యింది.

పదకొండు గంటలకు గ్యాస్ సిలిండర్ వచ్చింది. అబ్బాయి గేటు వారగా నెట్టి లోపలికి దొర్లిస్తుంటే నేను డబ్బులు లెక్క పెడుతున్నా. కుట్టు గది దర్వాజ గడియ బాబు సరిగా పెట్టలేదట. కాళ్ల సందులోంచి బెల్లం బాణంలా పోయింది. చెప్పులు లేకుండా ఉరికాను. మూల మీద ట్రాన్స్‌ఫార్మర్ వెనక దొరికింది. ఎర్ర కుక్క దాని మీదకు ఎక్కి ఉంది, రెండు అడుగుల్లో ఆ మిగతా మూడిట్లోని నల్లది నిలబడి ఉంది. అతుక్కొని లేవు. నా వెనకే అత్తమ్మ చేటతో వచ్చింది. మోకాళ్ల నొప్పులని సంతకు కూడా రాని మనిషి. చేటతో నేల మీద ఒక్కటి వేసింది, మగవి రెండూ పోయాయి. మొత్తం ఐదు నిమిషాలు ఉంటుందేమో, ఆరు ఉంటుందేమో. నేను చేరే ముందు నల్లది ఏం చేసిందో నాకేం తెలుసు?

డాక్టర్ గారూ, రేపు పొద్దున్నే ఏదైనా సూది వేయించవచ్చా? కడిగితే పోతుందా? నిద్ర పట్టడం లేదు.


పశువుల డాక్టర్ (ములుగు వైపు), అక్టోబర్ 16

అమ్మా, ముందు పడుకోండి. కడిగితే పోదు, లోపలికి నీళ్లు కొట్టకండి. చూలు నిలవకుండా ఈస్ట్రోజన్ అనే హార్మోన్ సూది వేస్తామని ఎవరైనా అంటే వద్దనండి. ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది, గర్భసంచికి చీము పట్టవచ్చు.

ఐదారు నిమిషాల్లో అతుక్కొని విడిపోయే అవకాశం తక్కువ, మామూలుగా పది నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. లేదని మాత్రం రాసివ్వలేను. ఇవాళ్టి నుంచి నాలుగు వారాలకు స్కానింగ్ చేయించండి, ఉంటే కనబడుతుంది. అంతకు ముందు చూసి లేదని సంతోషపడితే లాభం లేదు. ఉందని తేలితే, మీకు పిల్లలు వద్దనుకుంటే, గర్భసంచితో సహా తీసే ఆపరేషన్ అప్పుడు కూడా చేయవచ్చు, దానికి వేరే మందు అక్కర్లేదు. మామునూరు వెటర్నరీ కాలేజీలో కూడా అడిగి చూడండి.

ఇవాళ తప్పించుకున్నా రేపు ఒప్పుకోదని కాదు. కాపలా అట్లాగే. స్కానింగ్‌కు పోయిన రోజే రక్త పరీక్ష చేయించి, పిడుదుల జ్వరం ఉందేమో చూడమనండి. మన దగ్గర పిడుదులు ఎక్కువ. ఆ జ్వరం పైకి కనబడకుండా ఉండి, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. కోసే రోజు అది తెలిస్తే ఆలస్యమైనట్టే.


కాజీపేట లోకో, అక్టోబర్ 17

అక్కా, గేటుకు లోపల తాళం వేసి చెవి మీ మెడలో వేసుకోండి. సిలిండర్ వచ్చినా, కొరియర్ వచ్చినా ముందు బెల్లం గది గడియ, తర్వాత గేటు. మా ఇంట్లో దర్వాజ మీద స్కెచ్ పెన్‌తో రాసి పెట్టాం. మా లాబ్‌కు కూడా అట్లాంటి చడ్డీ కుట్టిస్తారా? ఏ కొలతలు పంపాలి?


కుట్టుమిషన్ (హన్మకొండ), నవంబర్ 13

ఆలస్యానికి ఏమీ అనుకోకండి, పెళ్లిళ్ల సీజన్.

దీపావళి రాత్రి నేను, బెల్లం, అత్తమ్మ ముగ్గురం కుట్టు గదిలో తలుపేసుకొని కూర్చున్నాం. బయట మోత వినబడకుండా మిషన్ తొక్కుతూనే ఉన్నాను. ఆ రాత్రి మూడు బ్లౌజులు అయ్యాయి. పంతొమ్మిదో రోజుకు తోక తిప్పడం మానింది, ఇరవై మూడుకు ఉబ్బు తగ్గింది. గేటు ముందు ముందుగా నల్లది పోయింది, తర్వాత మిగతావి. ఎర్రది అందరికన్నా చివర పోయింది. గీతలు మాత్రం ఇరవై ఎనిమిది నిండే దాకా అత్తమ్మ గేటు తాళం ఇవ్వలేదు, చెవి ఆమె కొంగున కట్టుకుంది.

బెల్లం తప్పించుకొని పోయిన రోజు నుంచి ఇవాళ్టికి ఇరవై ఎనిమిది రోజులని స్కానింగ్ చేయించాం. పొట్ట మీద వెంట్రుకలు గీసి, జెల్ పూసి, పావుగంట చూశారు. ఖాళీ. స్క్రీన్ మీద నాకు ఏమీ అర్థం కాలేదు, అత్తమ్మ మాత్రం "ఏం లేదు, చూలయితే పొట్ట ఇట్ల ఉంటదా" అన్నది, డాక్టర్ చెప్పకముందే. రక్త పరీక్షలో పిడుదుల జ్వరం గుర్తులు ఉన్నాయట, ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నాయి. మాత్రలు నెల రోజులు వాడి మళ్లీ చూద్దామన్నారు. బెల్లం ఆడుకుంటోంది, తింటోంది, నాకైతే అసలు తెలిసేదే కాదు. ఆపరేషన్ సంక్రాంతి తర్వాత వారంలో, అప్పటికి రిపోర్టు బాగుంటే. ముందు రోజు రాత్రి నుంచి అన్నం పెట్టొద్దని, తర్వాత పది పద్నాలుగు రోజులు గెంతకుండా, కుట్లు నాకకుండా చూడాలని ఇప్పుడే చెప్పి పంపారు. మెడకు ప్లాస్టిక్ గరాటా పెడతారట. దాని బదులు ఒంటి చుట్టూ గుడ్డ కుడతాను, కుట్లు కప్పేటట్టు, అంటే డాక్టర్ నవ్వి, కుట్టి తెండి చూస్తా అన్నారు.

లోకో అన్నా, మీరు అడిగిన చడ్డీ కొలతలు. లాబ్ కాబట్టి నాకు మూడు కావాలి. వెనక కాళ్ల ముందు నడుము చుట్టుకొలత, నడుము మీద నుంచి తోక మొదలు దాకా పొడవు, తోక లావు. టేపు బిగించి పట్టొద్దు, రెండు వేళ్లు దూరాలి. తోక రంధ్రం మనం అనుకున్న దానికన్నా పైకి ఉండాలి, బెల్లానికి మొదటిది అక్కడే తప్పింది. ఎలాస్టిక్ వేస్తే తొడల్లో ఒరుసుకొని ఎర్రగా అవుతుంది, నాడా మేలు. పాత నూలు ధోతి ఉంటే దాచండి, లోపలి మడతలకు అంతకన్నా మంచి గుడ్డ లేదు. మూడు కుట్టిస్తాను, మార్చి మార్చి ఉతుక్కోవడానికి. డబ్బుల మాట ఎత్తకండి, గుడ్డ మాత్రం మీదే.